పోపు లేని వారాలు

ఆక్లాండ్‌లో మన సరుకులు దొరికే శాండ్రింగ్‌హామ్‌కి కరివేపాకు కొనడానికి వెళితే కనీసం ఒకరైనా నన్ను పట్టుకుంటారు. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలే ఎక్కువ. ఈయన తెరచాప పడవల రేసుల్లో జీతం తీసుకుని పనిచేసిన మనిషని ఎవరో చెప్పి ఉంటారు. "అంకుల్, నిజంగా అదే మీ జాబా?" అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఎవరడిగినా ఒకటే. "సముద్రంలో ఎప్పుడైనా ప్రాణం మీదికి వచ్చిందా అంకుల్?"

వచ్చింది. కాకపోతే సముద్రంలో కాదు, ఒక రేకుల షెడ్డులో, సిమెంటు గచ్చు మీద, తూకం యంత్రం ముందు. అదీ నా ప్రాణం కాదు. ఈ మాట చెప్పగానే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. వాళ్లకి తుఫాను కావాలి. తుఫానులు నేనూ చూశాను. కానీ తుఫానులో మనిషికి చేతిలో ఉన్న తాడు తప్ప ఇంకేదీ గుర్తుండదు, అందుకే తర్వాత చెప్పడానికీ పెద్దగా ఏమీ మిగలదు. తూకం రోజు మాత్రం నాకు మొత్తం గుర్తుంది. కొట్టు ముందు నిలబడి, చేతిలో కరివేపాకు పట్టుకుని చెప్పే కథ కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మాది హైదరాబాద్. సముద్రం లేని ఊరు. మా నాన్న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక క్లబ్బులో పడవలకు రంగులు వేసేవారు. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్లి, ఖాళీగా ఉన్న చిన్న పడవలో కూర్చోబెట్టి నీళ్ల మీదికి తోసేవారు. ఆ రోజుల్లో ఆ నీళ్ల వాసన భరించినవాడికి లోకంలో ఏ సముద్రమైనా అత్తరులాగే ఉంటుంది. అలా మొదలై, పోటీల వెంట తిరిగి తిరిగి ఆక్లాండ్ చేరాను. ఒక సీజన్ ఉండి పొమ్మన్నారు. ఆ సీజన్ ఇంకా అయిపోలేదు. పెళ్లయ్యాక భార్య ఇక్కడికే వచ్చింది, కూతురు ఇక్కడే పుట్టింది.

నా పని పెద్ద తెరచాపది. దాని తాడు నా చేతిలో ఉంటుంది. గాలిని బట్టి బిగించడం, వదలడం, మళ్లీ బిగించడం. వినడానికి ఇంతే. ఈ కాస్త పనికి నన్ను ఎన్నో దేశాల రేవులు తిప్పారు. మోకాళ్లూ, కుడి భుజమూ ఆ తాడుకే ఇచ్చేశాను. ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు అవి ఆ సంగతి నాకు గుర్తు చేస్తుంటాయి.

మేం పోటీచేసే పడవలన్నీ ఒకే అచ్చు. తేడా అల్లా మనుషుల్లోనే. గాలి గట్టిగా వీస్తే పడవ ఒక పక్కకి ఒరుగుతుంది. అప్పుడు మేమంతా రెండో పక్క అంచు మీద కూర్చుని ఒళ్లు బయటికి వేలాడేస్తాం. అక్కడ ఎంత బరువుంటే పడవ అంత నిటారుగా, అంత వేగంగా పోతుంది. ఊరికే లావుపాటి వాళ్లను ఎక్కించుకుని గెలిచేస్తారేమోనని జట్టు మొత్తం బరువుకి ఒక హద్దు పెట్టారు. పోటీకి ముందురోజు అందరినీ కలిపి తూస్తారు. హద్దు దాటితే ఎవరో ఒకరు దిగాల్సిందే.

ఆ నియమం రాసిన పెద్దమనుషులు న్యాయం చేద్దామనే అనుకుని ఉంటారు. మేం దాన్ని మాకు కావలసినట్టు చదువుకున్నాం. తూకం ముందురోజు గదా, రేసు మర్నాడు గదా. తూకానికి ఎండిపోయి వెళ్లాలి, తూకం దిగిన క్షణం నుంచి తాగి, తిని, మర్నాటికి అసలు బరువుకి వచ్చేయాలి. అన్ని జట్లూ ఇదే చేసేవి. ఇందులో మోసమేమీ లేదు. నియమంలో ఎక్కడా దాహం గురించి రాయలేదు.

అందుకని ప్రతి పెద్ద పోటీకి ముందు మా ఇంట్లో పోపు లేని వారాలు వచ్చేవి. నూనె లేదు, నెయ్యి లేదు, అన్నం గుప్పెడు. ఉడికించిన పప్పులో ఉప్పు, పసుపు, అంతే. ఆవాలు చిటపటమన్న చప్పుడు వింటే నేను వంటింట్లోకి వచ్చి నిలబడతానని నా భార్య పోపు గిన్నెనే పై అరలో దాచేసేది. మా అమ్మాయి చాలాకాలం పప్పంటే పసుపు నీళ్లే అనుకుంది. చివరికి మా ఆవిడకి విసుగొచ్చింది.

"నువ్ ఉపాసముంటే ఉండు. మేమెందుకు ఎండాలె? పిల్ల ముఖం చూసినవా?" అని, అమ్మాయిని తీసుకుని రెండు వీధుల అవతల ఉండే స్నేహితురాలింటికి వెళ్లేది. అక్కడ ఇద్దరూ సుబ్బరంగా తిని వచ్చేవాళ్లు. వచ్చాక ఆమె స్వెటర్ నుంచి నెయ్యిలో వేగిన జీలకర్ర వాసన వచ్చేది. సముద్రం మీద నేనెప్పుడూ ఏడవలేదు. ఆ స్వెటర్ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఏడుపు దాకా వచ్చిన రోజులున్నాయి.

ఇక నా స్నేహితుడి సంగతి. హామిల్టన్ పక్కన పాడి పశువుల ఫారంలో పెరిగిన కివీ. పడవలో అతని పని గ్రైండర్. అంటే తాళ్లను చుట్టే వించ్ హ్యాండిల్‌ను రెండు చేతులతో శక్తికొద్దీ తిప్పేవాడు. నేను "బిగించు" అంటే బిగించేది నిజానికి అతను. మేమిద్దరం ఒకే సీజన్లో ఈ పనిలోకి వచ్చాం, ఒకరి పక్కన ఒకరం నిలబడే ముసలివాళ్లమయ్యాం. నా గొంతు వినకుండానే నేనేం అడగబోతున్నానో అతనికి తెలిసిపోయేది. నా భార్యకి కూడా అంతగా తెలియదు. మనిషి భారీ మనిషి. ఆ భారమే జట్టుకి బలం, తూకం వారాల్లో అదే శాపం. అందరికంటే ఎక్కువ ఎండాల్సింది అతనే.

నేను హిందువునని తెలిసి మా స్కిప్పర్ ఒకసారి, "మీవాళ్లు ఉపవాసాల్లో ఆరితేరినవాళ్లట కదా, మాకూ నేర్పు" అంది. ఆవిడ మంచి స్కిప్పర్. మాటలు తక్కువ, గాలి ఎటు మారుతుందో అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది. నేను మా అమ్మ ఒక్కపొద్దుల గురించి చెప్పాను. ఆ రోజు అన్నం ముట్టదు. అన్నం బదులు ఉప్మా, సగ్గుబియ్యం, అరటిపళ్లు, గ్లాసెడు పాలు, మధ్యలో ఆకలేస్తే ఇంకో రెండు అరటిపళ్లు. మా గ్రైండర్ ఒక వారం నిష్ఠగా పాటించి, బరువు పెరిగి వచ్చాడు. "బ్రో, మీ మతం నాకు బాగా నచ్చింది" అన్నాడు. ఆ తర్వాత స్కిప్పర్ నన్ను సలహా అడగలేదు.

కానీ ఆ మాట మాత్రం అతనికి అంటుకుపోయింది. ఒక్కపొద్దు. అతని నోట్లో అది "ఒకపోడు" అయ్యేది. ఒకరోజు, సాయంత్రం అది ఎలా ముగిస్తారని అడిగాడు. విడవడమంటారని చెప్పాను. మా అమ్మ ఎప్పుడూ ఒంటరిగా విడిచేది కాదు. పక్కింటామెనో, గంప దించుకున్న కూరగాయలామెనో, ఎవరినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల కంచంలో ముద్ద పెట్టాకే తను తినేది. ఒంటరిగా విడిస్తే ఆకలి సగమే తీరుతుందని ఆమె లెక్క. అతను ఆ సంగతి శ్రద్ధగా విన్నాడు. అంత గుర్తుపెట్టుకుంటాడని అప్పుడు నాకు తెలియదు.

మేం నడిపే రకం పడవల ప్రపంచ పోటీ ఆక్లాండ్‌కి వచ్చిన సంవత్సరం ఇది జరిగింది. అప్పటికి ఇద్దరం అలసిపోయి ఉన్నాం. ఇదే ఆఖరిదని పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు. నేను అప్పటిదాకా ప్రపంచ పోటీ గెలవలేదు. రెండో స్థానం నాకు అద్దె ఇల్లులా అలవాటైపోయింది. ఒక్కసారి, సొంత నీళ్ల మీద, ఆ మొదటి స్థానం చూసి తప్పుకోవాలని ఉండేది. ఆ కోరికను ఇప్పుడు ఎంత తేలిగ్గా రాసినా అప్పుడది నన్ను నిద్రలోనూ వదిలేది కాదు. పైగా మన తెలుగువాళ్ల సంఘం వారు ఒక ఫెర్రీ మాట్లాడుకుని, పులిహోరతో సహా చూడ్డానికి వస్తామని ప్రకటించారు. నా ఫొటోతో బ్యానర్ కూడా చేయించారట. దాన్ని ఆపడానికి నేను చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు.

అతనిది వేరే కారణం. వాళ్లమ్మ ఎప్పుడూ అతని రేసు చూడలేదు. అతను పెద్ద రేసులు చేసినవన్నీ పరాయి దేశాల్లో. ఆవిడ పశువులను వదిలి విమానం ఎక్కే మనిషి కాదు. ఇప్పుడు పశువుల్ని అమ్మేసి హామిల్టన్ టౌన్లో ఉంటోంది, రేసు ఆక్లాండ్‌కే వచ్చింది. తూకం రోజు పొద్దున బయల్దేరి తనే కారు నడుపుకుంటూ వస్తానంది. నెలరోజులుగా అతను మాట్లాడిందంతా అదే. అమ్మ ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది, అమ్మకి బైనాక్యులర్స్ ఎవరిస్తారు, అమ్మ కుర్చీ ఎవరు మోస్తారు. కాబట్టి అతను పడవలో ఉండి తీరాలి. ఈ ఒక్క సంగతి జట్టులో అందరికీ తెలుసు.

తూకం రోజు పొద్దున మాకు మేం తూచుకుంటే హద్దు దాటి ఉన్నాం. చాలా కాదు, కొంచెం. ఆ కొంచెం ఎవరి ఒంట్లోంచి రావాలి? ముక్కు దగ్గర, అంటే పడవ కొసన, పనిచేసే అమ్మాయి గాలికి ఎగిరిపోయేంత తేలిక. స్కిప్పర్‌లో కరగడానికి ఏమీ లేదు. అందరి చూపులూ మామూలుగా మా ఇద్దరి మీదికే వచ్చి ఆగాయి. మేం మామూలుగా నా కారు తాళాలు తీసుకున్నాం.

ఇది మా పాత పద్ధతి. ఒకాహు బే దగ్గర నీళ్లకి ఎదురుగా కారు ఆపి, అద్దాలు బిగించి, తుఫానులో వేసుకునే రబ్బరు కోట్లు తొడుక్కుని, హీటర్ ఆఖరుదాకా తిప్పి కూర్చోవడం. బయట నిండు ఎండాకాలం. అద్దం అవతల జనం ఐస్‌క్రీములు తింటూ నడుస్తున్నారు. ఒక పెద్దావిడ వంగి మమ్మల్ని చూసి, బతికే ఉన్నామా అని వేలితో అద్దం మీద కొట్టింది. మా గ్రైండర్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"మీ అమ్మ ఒకపోడు విడిచేటప్పుడు ఏం తినేదన్నావ్?" అని అడిగాడు.

"అన్నం. పప్పు. ఆలుగడ్డ వేపుడు. పచ్చిపులుసు."

"పచ్చిపులుసంటే?"

చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన పోపు అని వివరించాను. నీళ్లు అన్న మాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అతని ఫోన్ మోగింది. వాళ్లమ్మ. ఆక్లాండ్ పొలిమేరలో బాంబే హిల్స్ దగ్గర పెట్రోలు బంకులో ఆగిందట, మాంసం కూరిన పై ఒకటి తినాలా వద్దా అని ఆలోచిస్తోందట. "తినమ్మా, నా వంతు కూడా తిను" అన్నాడు. ఫోన్ పెట్టేసి నవ్వాడు. మొదటిసారి ఆ బాంబే బోర్డు చూసి నేను దారి తప్పాననుకున్న కథ అతనికి ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వే.

తర్వాత మళ్లీ అడిగాడు. "మీ అమ్మ విడిచేటప్పుడు ఏం తినేది?"

వేళాకోళం అనుకున్నాను. ముఖం చూశాను. వేళాకోళం కాదు. ఇప్పుడే అడిగి, నేను చెప్పి, తను విన్న సంగతి అతనికి గుర్తులేదు. అప్పుడు కనిపించింది నాకు. నా కోటు లోపల చెమట వాగులా కారుతోంది. అతని మెడ, నుదురు, చేతులు పొడిగా ఉన్నాయి. ముట్టుకుంటే చర్మం కాలుతోంది, తడి మాత్రం లేదు. మా పనిలో ఉన్న ప్రతివాడికీ ఇది చెబుతారు. చెమట పట్టినంతసేపు బాధ లేదు, చెమట ఆగిందంటే మాత్రం వెంటనే లేవాలి అని.

నేను హీటర్ ఆపేశాను. అతను చెయ్యి చాపి మళ్లీ వేశాడు.

"చాలు. నీకు బాగాలేదు."

"బాగానే ఉంది."

"ఇప్పుడే ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగావు."

"జవాబు రుచిగా ఉంది, అందుకే" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. నేను మళ్లీ ఆపాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో బలం లేదు. జీవితమంతా వించ్ తిప్పిన చెయ్యి, నా మణికట్టు మీద తడి గుడ్డలా పడి ఉంది. "అమ్మ బాంబే హిల్స్ దాటేసింది, బ్రో" అన్నాడు. నేను తలుపు తీసి అతన్ని గాలిలోకి లాగాను. నాకు భయం వేసింది. ఎంత భయమంటే, నీళ్లు తాగు అని చెప్పాల్సినవాణ్ని, ఆ మాట నా నోట్లోంచి రాలేదు. అన్నేళ్లుగా ఆ వారాల్లో ఒకరితో ఒకరం అనకూడని మాట అదొక్కటే. పద, అయిపోతుంది అన్నాను.

షెడ్డులో మా వంతు వచ్చింది. పశువుల్ని తూచేదాని లాంటి వెడల్పాటి బల్ల, దాని మీద మేమంతా ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డాం. నా భుజం అతని వీపు కింద ఉంది. అతను తూలకుండా ఆపుతున్నది అదే. అధికారి అంకె చదివాడు. కొంచెం ఎక్కువ. కొంచెమే. ఇంకోసారి తూచుకోవడానికి కాస్త వ్యవధి ఉందని, ఈలోగా ఏం చేసుకుంటారో చేసుకోండని మర్యాదగా చెప్పి పక్కజట్టును పిలిచాడు.

ముక్కు దగ్గర పనిచేసే అమ్మాయి తన జడ పట్టుకుని, "కత్తిరించేస్తే?" అంది. ఎవరూ నవ్వలేదు. స్కిప్పర్ మాలో ఎవరినీ చూడకుండా నేల చూస్తోంది. ఆవిడ ఎవరినీ బలవంతం చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. బలవంతం చేయాల్సిన అవసరం ఆ పనిలో ఎవరికీ రాదు. మా గ్రైండర్ అప్పటికే రబ్బరు కోటు చేతిలోకి తీసుకున్నాడు. స్లీవు దొరక్క గాలిలో తడుముతున్నాడు. "ఇంకో చుట్టు కార్లో కూర్చుంటే చాలు" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు.

గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది. ఐసు, నీళ్ల బాటిళ్లు. తూకం గట్టెక్కిన వాళ్లకోసం పెట్టినవి. పొద్దుటి నుంచి షెడ్డులో అందరూ దాన్ని చూడకుండా చూస్తున్నారు. నేను నడుచుకుంటూ వెళ్లి ఒక బాటిల్ తీశాను. మూత తిప్పాను. తాగాను. ఆగకుండా, ఆఖరి చుక్కదాకా. తర్వాత ఇంకోటి తీశాను.

తాగిన నీళ్లను వెనక్కి తీసుకునే దారి లేదు. ఇక ఆ తూకంలో నేను నిలబడే ప్రసక్తే లేదని అందరికీ ఒకేసారి అర్థమైంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అంది స్కిప్పర్. గొంతు పెంచలేదు.

"దాహం వేసింది" అన్నాను.

మా జట్టుకి అదనంగా ఒక ట్రిమ్మర్, అంటే నా పనే చేసే అమ్మాయి, ఉండేది. నాకంటే బాగా తేలిక. నా స్థానంలో ఆమె బల్ల ఎక్కితే అంకె హద్దుకి బాగా కిందికి దిగింది. దిగిన వెంటనే స్కిప్పర్ స్వయంగా బాటిల్ తెచ్చి మా గ్రైండర్ నోటికి పెట్టింది. అతను తాగాడు, వాంతి చేసుకున్నాడు, మళ్లీ తాగాడు. పోటీ డాక్టరు వచ్చి పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాడు. ఇంకాసేపు ఆలస్యమైతే అని మొదలుపెట్టి మాట పూర్తిచేయలేదు. సూది చేతిలో ఉండగానే మా గ్రైండర్ కళ్లు తెరిచి నన్ను చూశాడు. కృతజ్ఞత ఉంటుందనుకున్నాను. లేదు. కోపం ఉంది. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తర్వాత చాలామంది దీన్ని త్యాగం అన్నారు. సంఘం వారు దసరాకి శాలువా కప్పుతామన్నారు. నేను ఒద్దన్నాను, కప్పారు. అతన్ని కాపాడాలనుకున్న మాట నిజమే. కానీ ఆ బాటిల్ ఎత్తినప్పుడు నేను విసిగిపోయి ఉన్నాను కూడా. తూగి తూగి విసిగిపోయాను. దాహం వేసింది అన్నది నేను స్కిప్పర్‌కి చెప్పిన సాకు కాదు, నిజంగానే దాహం వేసింది. రెండిట్లో ఏది ముందో ఇప్పటికీ తేల్చుకోలేదు. శాలువా మాత్రం బీరువాలో ఉంది.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. నా భార్య తలుపు తీసి గడపలోనే నిలబడిపోయింది.

"ఏంది, గింత తొందరగ వచ్చినవ్? తూకం అయిపాయెనా?"

"అయిపోయింది."

"ఉన్నవా, దిగినవా?"

"దిగిన."

ఆమె కాసేపు నా పెదాలవైపు చూసింది. లోపలికి వెళ్లి స్టూలు వేసుకుని పై అర మీంచి పోపు గిన్నె దించింది. "ఇంగువ ఎయ్యాల్నా?" అంది అటు తిరిగే.

"ఎయ్యి. అన్నీ ఎయ్యి."

ఆవాలు పేలుతుంటే మా అమ్మాయి గదిలోంచి వచ్చి, ఇంట్లో ఎవరైనా చనిపోయారా అన్నట్టు మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఇంగ్లీషులో, "డాడ్, రేస్ రేపు కదా?" అంది. అవునమ్మా, రేపే, అన్నాను. ఇద్దరూ నాతో కూర్చుని తిన్నారు. పప్పు అంత బాగుండటం నాకు గుర్తులేదు. అయినా సగం తిని చెయ్యి ఆగిపోయింది. అన్ని వారాలు నాతో పాటు పస్తులున్నవాడు ఆ షెడ్డులో సూదితో పడుకుని ఉన్నాడు. ఎందుకో ఏడుపొచ్చింది. నా భార్య మజ్జిగ పోసి, "మెల్లగ తిను, ఎటు పోవుడు లేదు గద ఇగ" అంది.

మొదటిరోజు గాలి లేక రేసులు జరగలేదు. మా గ్రైండర్ కోలుకోవడానికి ఆ రోజు సరిపోయింది. రెండోరోజు డాక్టరు సరేనన్నాడు. నేను ఫెర్రీ ఎక్కకుండా తప్పించుకుని, కొండ అంచున గడ్డి మీద వాళ్లమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్చీలు మోసింది నేనే. కింద హార్బర్లో ఫెర్రీ మీద నా ఫొటో బ్యానర్ రెపరెపలాడుతోంది. పడవలో లేనివాడి బొమ్మ పట్టుకుని మనవాళ్లు కేకలు వేస్తున్నారు.

ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుని చాలాసేపు దించలేదు. నేను చూపించాను, "మధ్యలో, వంగి తిప్పుతున్నాడే, ఆ వీపు మీవాడిదే." రేసులో మలుపు ఎక్కడ, ముందున్నది ఎవరు, ఇవన్నీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు.

"వాడేంటి అంత చిక్కిపోయాడు?" అంది. "మీరెవరూ తిండి పెట్టరా వాడికి?"

ఎదురుగా రంగిటోటో దీవి వైపు చూస్తూ కూర్చున్నాను.

వారం చివర మా పడవ రెండో స్థానంలో వచ్చింది. ఇన్నేళ్లూ ఆ దోషం నాలోనే ఉందేమో అనుకునేవాణ్ని, కాదని తేలింది. చాలాకాలం తర్వాత ఒక డెయిరీలో పాలు కొంటుంటే స్కిప్పర్ కనిపించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఆ వారం తాడు నీ చేతిలో ఉంటే గెలిచేవాళ్లం" అంది. మెచ్చుకోలుగానే అంది. అనకుండా ఉంటే బాగుండేది. ఆ తర్వాత కొన్నాళ్లకి తూకం నియమమే తీసేశారు. ఇప్పటివాళ్లు తిని వెళ్లి రేసు చేస్తున్నారు. సంతోషమే. కొంచెం ఒళ్లు మండుతుంది కూడా.

పోటీ ముగిసిన సాయంత్రం మా గ్రైండర్ వాళ్లమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తూకం రోజు నుంచి అతను నాతో మాట్లాడలేదు. గుమ్మంలో బూట్లు విప్పి నేరుగా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నా భార్య పప్పు, ఆలుగడ్డ వేపుడు, పచ్చిపులుసు చేసింది. ఏం వండాలని నన్నడిగితే నోట్లోంచి ఆ మూడే వచ్చాయి. పోపు ఘాటుకి వాళ్లమ్మ దగ్గి, కళ్లు తుడుచుకుని, కొడుకు కంచంలో తనే ఇంకో గరిటె అన్నం వేసింది. అతను వేపుడు చూశాడు, గిన్నెలో పులుసు చూశాడు, ఏది ఏదో గుర్తుపట్టాడు. కానీ ముద్ద కలపలేదు.

"నీకు కోపంగా ఉందని తెలుసు" అన్నాను. "కానీ అమ్మ నిన్ను చూసింది కదా."

"అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది, బ్రో. పడవని కాదు. నేను ఒడ్డున ఆవిడ పక్కన కూర్చున్నా సరిపోయేది. ఆ ముక్క నాకు ఆ బల్ల మీద నిలబడ్డప్పుడు తెలిసింది. కోటు వేసుకుంటున్నాననుకున్నావా? కోటు పక్కన పడేద్దామంటే చేతులు మాట వినలేదు. నేనూ ఆ టబ్బు దగ్గరికే వస్తున్నాను."

నిజమో, నాకోసం అల్లిందో తెలియదు. అడగలేదు. ఆ రోజు అతని చేతులు గాలిలో తడుముకోవడం నేను చూశాను, అవి దేనికోసమో మాత్రం చూడలేదు.

"మీ అమ్మ ఏం చెప్పింది?" అన్నాడు. కోపం ఇప్పుడు గొంతులోకి వచ్చింది. "ఒకపోడు ఒంటరిగా విడవకూడదని కదా చెప్పింది? నువ్వే కదా నాకు చెప్పావు? మరి నువ్వు ఒక్కడివే ఎలా తాగావు?"

వాళ్లమ్మ అర్థం కాక నన్ను చూసింది. నా భార్య గరిటె పట్టుకుని ఆగిపోయింది.

అతను జగ్గు దగ్గరికి లాక్కున్నాడు. నా గ్లాసు అంచుదాకా నింపాడు. తన గ్లాసు నింపుకున్నాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, నేను ఎత్తేదాకా ఆగాడు.